తాలూకు మనిషి

మొక్‌పో
అక్టోబరు

చెల్లి ఇల్‌సన్‌కు,

నీ ఉత్తరం అందింది. మరిదిగారి డయాలసిస్ ఏ ఆటంకమూ లేకుండా సాగుతున్నందుకు సంతోషం. నీ చెవులు ఫోను మాటలను అందుకోవడం మానేసినప్పటి నుంచి మన కబుర్లన్నీ కాగితం మీదనే నడుస్తున్నాయి కనుక, ఈ విషయమూ ఇక్కడే చెబుతున్నాను.

వేసవి నుంచి అన్నం తిన్న తర్వాత నాకు రొమ్ము కింద మంటగా ఉంటోంది. కడుపులోకి గొట్టం వేసి చూడాలన్నారు. కౌంటరు దగ్గర అమ్మాయి, "మత్తు ఇచ్చి చేయమంటారా, మామూలుగానా?" అని అడిగింది. మత్తు ఇచ్చే అన్నాను.

"మీ తాలూకు ఎవరొచ్చారు?"

"నా తాలూకు నేనే వచ్చాను."

"అలా కుదరదండీ. మత్తు దిగాక ఇంటికి తీసుకెళ్ళే మనిషి ఉండాలి. కొడుకో, కోడలో, ఎవరో ఒకరు."

"లేరు."

ఆ అమ్మాయి నా వెనక ఖాళీగా ఉన్న చోటును, అక్కడ ఎవరో నిలబడి ఉండవలసినట్టుగా, ఒకసారి చూసింది. వరుసలో ఉన్నవాళ్ళూ చూశారు. మామూలుగానే చేయమన్నాను.

పరీక్షను సగంలో ఆపించాను. ఆ సగంలోనే డాక్టర్ ప్యోకు కడుపు అడుగున ఏదో కనిపించిందట. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలనీ, ఈసారి మత్తుతోనే చేయాలనీ, మనిషిని వెంటబెట్టుకుని రమ్మనీ అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. ఇందులో కంగారు పడవలసినది ఏమీ లేదు.

అక్క
హ్యోరన్


సామ్‌చొక్
అక్టోబరు

అక్కా,

"కంగారు పడవలసినది ఏమీ లేదు" అని నువ్వు రాశావంటే, నేను మంచినీళ్ళు తాగి, కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి చదవాలని అర్థం. చదివాను. ఒక్క ప్రశ్న. సగంలో ఆపించానన్నావే, ఎలా ఆపించావు? నోట్లో గొట్టం ఉన్న మనిషి మాట్లాడలేదు కదా.

నేను వచ్చి ఉండేదాన్నే. మీ మరిదిని వదిలి కదలలేను. రోజు విడిచి రోజు ఆ వార్డు బయట బెంచీ మీద కూర్చుంటాను. నర్సు తలుపు తెరిచి "బేక్‌గారి తాలూకు" అని ఆయన పేరుతో పిలుస్తుంది. నాకు వినబడదు. పక్కన కూర్చున్నావిడ మోచేత్తో పొడుస్తుంది, నేను లేస్తాను. అంతే ఉద్యోగం. చాలాసార్లు లోపల చేయవలసిన పనేమీ ఉండదు. ఆయన నేను ఉన్నానో లేదో చూసుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంటారు.

నీ దగ్గర భూగోళం చదువుకున్న ఆడపిల్లలు ఆ ఊరినిండా ఉన్నారు. ఒకరిని అడుగు. అడగవని తెలుసు. వానలో తడిసి జలుబు తెచ్చుకుంటావు గాని, ఎవరి గొడుగు కిందా నడిచే మనిషివి కావు. అయినా అడుగు. ఆ "ఏదో" ఏమిటో తేలేదాకా నాకు ముద్ద దిగడం లేదు.

ఇల్‌సన్


మొక్‌పో
నవంబరు

చెల్లికి,

నీ ప్రశ్నకు జవాబు: చేత్తో.

గొట్టాన్ని కొరకకుండా పళ్ళ మధ్య ప్లాస్టిక్ బిళ్ళ బిగించి, గొంతులో చేదు మందు కొట్టి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. నర్సు యోమ్ అనే ఆవిడ నా వీపు మీద చేయి వేసి, "అమ్మగారూ, ముక్కుతో ఊపిరి తీసుకోండి, మింగకండి, చొంగ కారితే కారనివ్వండి" అంటూనే ఉంది. నేను ఎవరికీ అమ్మను కానని చెప్పే వీలు అప్పుడు లేదు. గొట్టం గొంతు దాటిన క్షణంలో, ఇక నా శరీరం నాది కాదనిపించింది. ఊపిరి ఉన్నదో లేదో తెలియలేదు. చచ్చిపోతున్నానని నమ్మాను ఇల్‌సన్, నిజంగా నమ్మాను. నా చేయి దానంతటదే లేచి గొట్టాన్ని పట్టుకుని లాగింది. గొంతు గీసుకుపోయింది. డాక్టరు చొక్కా మీద నా రక్తపు చుక్కలు పడ్డాయి. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

అందుకే నా విద్యార్థినులను అడగలేదు. నేను గదిలోకి అడుగు పెడితే లేచి నిలబడినవాళ్ళు, నా నోటి నుంచి చొంగ కారుతుంటే చూడకూడదు.

చివరకు ఒక ఉపాయం చేశాను. మా మేడ కింద జుట్టు కత్తిరించే దుకాణం నడిపే పిల్‌జాను తీసుకువెళ్ళి, నా చెల్లెలని చెప్పాను. బంధువైతేనే ఒప్పుకుంటారేమోనన్న అనుమానంతో అలా చెప్పవలసి వచ్చింది. క్షమించు. నిన్ను ఇరవై ఏళ్ళు చిన్నదాన్ని చేసి, ఎర్రరంగు జుట్టూ, ఆగకుండా మాట్లాడే నోరూ ఇచ్చాను. దారిలో, "టీచర్‌గారూ, చెల్లెలంటే మిమ్మల్ని నువ్వు అనాలా, మీరు అనాలా?" అని అడిగింది. ఏమీ అనకుండా ఉంటే చాలన్నాను.

ఈసారి మందు నరంలోకి ఎక్కించారు. మత్తులో మనిషి ఏం వాగుతుందో తనకే తెలియదని విన్నాను. నాకు గొట్టం కంటే అదే ఎక్కువ భయం. లేచిన తర్వాత నర్సు యోమ్‌ను అడిగాను. "నదుల పేర్లన్నీ ఉత్తరం నుంచి వరుసగా అప్పజెప్పారు. ఒకటి మరిచిపోతే మమ్మల్నే గద్దించారు" అంది. ఆమె అంతకంటే ఎక్కువ వినలేదని నమ్మాలనుకుంటున్నాను.

ఫలితం పిల్‌జా ఫోనుకే వచ్చింది. ఆసుపత్రి కాగితంలో ఆమె నంబరే ఇచ్చాము మరి. పుండు అట. గొట్టంతోనే గీకి తీసేస్తారట, మళ్ళీ రమ్మన్నారట. ఆ దారినే వెళ్ళే పని ఉంటే తానే డాక్టరుతో మాట్లాడి వచ్చానంది. అప్పటి నుంచి పొద్దున్నే గుమ్మడికాయ జావ తెచ్చి ఇస్తోంది. నిన్న అడగకుండానే నా తలంటింది. మంచి మనిషే కాని, ఇంత మంచితనం నాకు అలవాటు లేదు.

హ్యోరన్


సామ్‌చొక్
నవంబరు

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. పుండే కదా, తగ్గిపోతుంది. డాక్టర్లు ఏం చెబితే అది చెయ్యి. ఎక్కువ ప్రశ్నలు వేయకు, వాళ్ళు చదువుకున్నవాళ్ళు.

నువ్వు ఎంత మంచిదానివి అక్కా. నీలాంటి అక్క ఎవరికీ ఉండదని మీ మరిది కూడా అంటున్నారు. సముద్రపు నత్తలూ, ఎండబెట్టిన చేపా పంపుతున్నాను. నత్తలు జావలో వేసుకుని తిను, బలం వస్తుంది. చలిలో తిరగకు. ఆ పిల్‌జా అనే ఆవిడ చెప్పిన మాట విను. ఆమె చాలా మంచిదని నాకెందుకో అనిపిస్తోంది.

నీ చెల్లెలు
ఇల్‌సన్


మొక్‌పో
డిసెంబరు

ఇల్‌సన్,

పుట్టి బుద్ధి ఎరిగినప్పటి నుంచి నువ్వు నన్ను మంచిదానివని ఒక్కసారి కూడా అనలేదు. నా ఉప్పు ఎక్కువనీ, నా నోరు చేదనీ, నా ఉత్తరాలు పరీక్ష పేపర్లలా ఉంటాయనీ అన్నావు. ప్రశ్నలు వేయవద్దని మాత్రం నాకు ఎన్నడూ చెప్పలేదు. నీ ఉత్తరం ముగించేలోగానే నాకు అనుమానం వచ్చింది. కాగితం పట్టుకుని కిందికి దిగాను.

పిల్‌జా ఒకావిడ తలకు మందు రాసి రోలర్లు చుడుతోంది.

"పిల్‌జా, నా కడుపులో ఏముంది?"

"జావ. పొద్దున నేనే ఇచ్చాగా టీచర్‌గారూ."

"మా చెల్లెలి ఇంటికి ఫోను చేశావా?"

ఆమె ఇంకో రోలరు అందుకుంది. కుర్చీలో కూర్చున్నావిడ అద్దంలో మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "చెప్పెయ్యవే, నా తల మండిపోతోంది" అంది.

"మీ ఫ్రిజ్ మీద నంబరు ఉంటే చేశాను. చెల్లెలిగారికి వినబడదటగా, వాళ్ళాయనే ఎత్తారు" అంది పిల్‌జా. "డాక్టర్‌గారు నన్ను గదిలోకి పిలిచి, పేషెంటుకి చెప్పమంటారా, వద్దా అని అడిగారు. నేనేమనాలి? సొంత చెల్లెలైతే ఏమంటుంది? వద్దనే అంటుంది. చెల్లెలినని ఒప్పుకున్నాక చెల్లెలిలాగే మాట్లాడాలిగా."

"ఏం జబ్బు?"

"ఆ మాట నేను అనలేను."

"అను."

"క్యాన్సర్." ఆ వెంటనే గబగబా, "చిన్నదేనట టీచర్‌గారూ, మొదట్లోదేనట, గొట్టంతోనే వచ్చేస్తుందట" అంది. కుర్చీలో ఉన్నావిడ కళ్ళు మూసుకుంది.

నేను బయటికి వచ్చాను. మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చున్నాను. ఎవరైనా వస్తే చెప్పులో రాయి పడిందని చెప్పాలనుకున్నాను. ఎవరూ రాలేదు.

నా ఒంట్లో ఉన్నదేమిటో ఇక్కడ జుట్టు కత్తిరించే ఆవిడకు తెలుసు, అక్కడ సముద్రం ఒడ్డున నీ మొగుడికి తెలుసు, నాకు తెలియదు. మీరందరూ కలిసి నన్ను నా ఇంట్లోనే పసిపిల్లను చేశారు. దీనికి జవాబు రాయనవసరం లేదు. నత్తలు అందాయి. ముట్టుకోలేదు.

హ్యోరన్


సామ్‌చొక్
డిసెంబరు

అక్కా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను.

పిల్‌జా ఫోను పెట్టేశాక మీ మరిది ఆ మాట పలకమీద రాసి నాకు చూపించారు. నేను చెరిపేశాను. మళ్ళీ రాశారు. ఆ తర్వాత నేనే ఆయన చేత ఫోను చేయించి, మా అక్కకు చెప్పొద్దని పిల్‌జాకు చెప్పించాను. ఆమె ఒక్కతే చేసిన పని కాదు. తిడితే నన్ను తిట్టు.

నువ్వు తట్టుకోలేవని కాదు. నిజం తెలిస్తే మమ్మల్నందరినీ దూరంగా పంపేసి, తలుపు గడియ పెట్టుకుని, ఒక్కదానివే వెళ్ళి ఒక్కదానివే ఆ బల్ల మీద పడుకుంటావని నా భయం. అబద్ధంలో ఉన్నంతకాలం నీ పక్కన ఒక మనిషి నడుస్తుంది. అంతే నేను ఆలోచించింది. నీకు ఇది నీచంగా కనబడుతుందని తెలుసు.

నీ నోరు చేదే. నీ ఉప్పు ఎక్కువే. నత్తలు పాడవుతాయి, వండుకో.

ఇల్‌సన్


మొక్‌పో
జనవరి

ఇల్‌సన్‌కు,

నీ ఉత్తరాన్ని చాలా రోజులు బల్ల మీదనే ఉంచాను. ఇంతలో జరిగినది చెబుతాను.

ముందు నేను ఒక్కదాన్నే డాక్టర్ ప్యో దగ్గరకు వెళ్ళాను. నా కడుపు గురించి నాతో మాట్లాడమన్నాను. "మీ చెల్లెలుగారు చెప్పవద్దన్నారమ్మా" అన్నారు. ఆమె నా చెల్లెలు కాదని చెప్పాను. ఆయన కలం కింద పెట్టి, పక్కనే ఉన్న నర్సు యోమ్ వైపు చూశారు. ఎవరో తెలియని మనిషికి ఒక రోగి సంగతంతా చెప్పేసినట్టయింది కదా. ఆయన ముఖంలో నేను చూసినది భయమే. ఆ గదిలో భయపడుతున్నది నేనొక్కదాన్నే కాదని తెలిసి, సిగ్గు విడిచి చెబుతున్నాను, కొంచెం తెరిపిగా అనిపించింది.

"నా తాలూకు ఎవరూ లేరు. ఎక్కడ సంతకం చేయాలో చూపించండి, చేస్తాను" అన్నాను.

నర్సు యోమ్ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "సంతకం మీదే అమ్మగారూ. మీది చాలు. కానీ నేను ఒకటి అడుగుతాను. మీ కడుపులో కనిపించిన మచ్చ కిందికి సూదితో నీరు ఎక్కించి, దాన్ని పొంగించి, చుట్టూ కోసి తీస్తాం. ఒక్కోసారి అది పొంగదు. అంటే వేరు లోపలికి వెళ్ళిందన్నమాట. అప్పుడు కోస్తూ పోతే కడుపుకు చిల్లు పడొచ్చు, ఆపితే పెద్ద ఆపరేషను కావాలి. ఆ మాట అడగడానికి డాక్టర్‌గారు బయటికి వస్తారు. మీరేమో నిద్రలో ఉంటారు. ఎవరిని అడగమంటారు?"

నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన నేను బల్ల మీద కాగితాలు తిరగేశాను. నర్సు తొందరపెట్టలేదు. "మీ తరఫున వాళ్ళు తేల్చనక్కర్లేదు. మీరు ముందే తేల్చుకున్నది గుర్తుపెట్టుకుని చెప్పే మనిషైతే చాలు" అంది.

ఇంటికి వచ్చి పిల్‌జా దుకాణంలోకి వెళ్ళాను. డిసెంబరు నుంచి ఆమెతో మాటలు లేవు. గుమ్మంలో నిలబడి, నాకు ఒక మనిషి కావాలన్నాను. అంతకంటే బాగా అడగడం నాకు చేతకాలేదు.

"వేషం లేకుండానా?" అంది పిల్‌జా.

"లేకుండానే."

మర్నాడు నేనూ, పిల్‌జా, నర్సు యోమ్ ముగ్గురమూ డాక్టరు ముందు కూర్చున్నాము. ఆయన కాగితం మీద కడుపు బొమ్మ గీసి, చూపు అలవాటుగా పిల్‌జా వైపు తిప్పి మొదలుపెట్టారు. పిల్‌జా తన కుర్చీని జరుపుకుని నా వెనక్కి వెళ్ళిపోయింది. అప్పుడు ఆయనకు చూడడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. మచ్చ పొంగకపోతే ఆపండి, నన్ను లేపండి, నాతో చెప్పండి, అప్పుడు నేను తేలుస్తాను అన్నాను. నర్సు ఆ మాట అలాగే రాసుకుంది.

కానీ పిల్‌జాకు ధైర్యం చాలలేదు. "తెల్లకోటు వేసుకుని వచ్చి, ఇప్పుడే తీసేస్తే మంచిదండీ అంటే, నేను సరే అనేస్తాను టీచర్‌గారూ. నా సంగతి నాకు తెలుసు" అంది. అందుకని దుకాణం కట్టేశాక, కత్తిరింపులకు వాడే తెల్లగుడ్డ నేను కప్పుకుని డాక్టరునయ్యాను. "ఆవిడ ముసలావిడ, మళ్ళీ మత్తు తట్టుకోలేదు, మీరే ఒక మాట చెప్పండి" అని బెదిరించాను. మొదటిసారి సరే అంది. రెండోసారీ సరే అంది. నాకు కోపం వచ్చి, "నా కడుపు పిల్‌జా, నీది కాదు" అన్నాను. "ఆ మాట మీరు అంటే నాకు బాగా వినబడుతోంది. ఆయన అంటే వినబడదే" అని ఏడ్చింది. ఏడుస్తూనే మళ్ళీ అడగమంది. అప్పుడు సరిగ్గా చెప్పింది.

రేపు వెళుతున్నాము. నత్తలు వండుకున్నాను. నాకు భయంగా ఉందని ఇంతవరకు ఈ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. రాయకపోతే నువ్వు మళ్ళీ ప్రశ్న వేస్తావు. రాస్తున్నాను: అన్నం చెంచా చేతిలో ఉండగానే ఎందుకు ఎత్తానో మరిచిపోతున్నాను. లేవకపోతే ఏమవుతుందనే దానికంటే, లేచిన తర్వాత ఏం వినవలసి వస్తుందోనని భయం.

హ్యోరన్


సామ్‌చొక్
జనవరి

అక్కా,

నీ ఉత్తరం అందేసరికి నువ్వు చెప్పిన రేపు దాటిపోయింది. పిల్‌జా మీ మరిదికి ఫోను చేసి, నువ్వు లేచావనీ, మాట్లాడావనీ చెప్పింది. డాక్టరు ఏమన్నారని ఆయన అడిగితే, "అది టీచర్‌గారే చెప్పాలండీ, నేను చెప్పకూడదు" అని పెట్టేసింది.

ఎంత బాగా నేర్పావు. ఇక్కడ నేను గోడలు పట్టుకుని తిరుగుతున్నాను. వెంటనే రాయి.

ఇల్‌సన్


మొక్‌పో, ఆసుపత్రి
జనవరి

చెల్లీ,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు.

మచ్చ ఒక వైపు పొంగలేదు. డాక్టర్ ప్యో బయటికి వచ్చారట. పిల్‌జా లేచి నిలబడి, ఆయన నోరు తెరవక ముందే, "ఆపండి, లేపండి, ఆవిడకే చెప్పండి" అందట. ముందు విషయం వినమన్నారట ఆయన. "వింటే సరే అనేస్తానండీ, నాకు వినిపించకండి" అని చెవులు మూసుకుందట. నర్సు యోమ్ వచ్చి తన నడుం పట్టుకుందని పిల్‌జాయే చెప్పింది. ఆయన లోపలికి వెళ్ళి, ఆపి, కోసిన చోటును క్లిప్పులతో మూసి, గొట్టం బయటికి తీశారు.

నేను లేచాక, నా నోరు తడి అయ్యేంతవరకు ఆగి, ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఈసారి నన్నే చూశారు. వేరు లోపలికి వెళ్ళిందనీ, కడుపులో కింది భాగం తీసేయాలనీ, తీస్తే బతికే అవకాశం బాగానే ఉందనీ, ఆలస్యం చేస్తే లేదనీ ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. నేను కోరుకున్నది అదే. ఎవరూ వడపోయకుండా, మొత్తం, మొదట నాకు.

అది ఎలా ఉంటుందో నీకు చెప్పాలి ఇల్‌సన్, ఎందుకంటే నేను దానికోసం మీ అందరితో పోట్లాడాను. ఆయన పెదవులు కదులుతున్నాయి, నాకు సగమే వినబడుతోంది. నువ్వు ఆ బెంచీ మీద ఎలా కూర్చుంటావో అప్పుడు అర్థమైంది. నిజం నాకే చెందాలన్న మాట ఇప్పటికీ వదులుకోను. అయితే దాన్ని పట్టుకోవడానికి నా రెండు చేతులూ చాలలేదు. కాసేపు ఆగమని డాక్టరును అడిగి, పిల్‌జాను లోపలికి పిలిపించి, ఆమె వింటుండగా అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాను.

ఆపరేషనుకు ఒప్పుకున్నాను. సంతకం నాదే.

నర్సు యోమ్‌కు నీ సంగతి చెబితే, ఈ ఆసుపత్రిలోనే డయాలసిస్ వార్డు ఉందనీ, సామ్‌చొక్ నుంచి మరిదిగారి కాగితాలు తెప్పిస్తే ఇక్కడ మంచం ఇప్పిస్తాననీ అంది. వార్డుకు వెళ్ళి అడిగి వచ్చి, దొరుకుతుందని చెప్పింది. మా ఇంటి తాళం పిల్‌జా దగ్గర ఉంది.

మీకు ఇబ్బంది అవుతుందనీ, రాకపోయినా పరవాలేదనీ రాయబోయి, ఆ వాక్యం కొట్టేశాను. పరవాలేదన్నది నిజం కాదు.

నాకు భయంగా ఉంది. రా.

హ్యోరన్